చిన్నిల్లుకు లేని అభ్యంతరం

అందరి ఎరుకలో, అందరి ఒప్పుదలతో ఒకరికి మించి ప్రేమించుకుంటామనే కుర్రకారును చూసి మన పెద్దలు గుండెలు బాదుకుంటున్నారు. మన సంస్కృతిలో లేదట! మరి 'చిన్నిల్లు' ఏ భాష మాటండీ?

మగవాడికి ఒకే పెళ్లాం అన్నది చట్టమై ఎంతకాలమైందని? షోలాపూరు తెలుగువాళ్లకు 1946 బొంబాయి చట్టంతో, మద్రాసు రాష్ట్రంలోని మనవాళ్లకు 1949 చట్టంతో వచ్చింది. హిందూ వివాహ చట్టం 1955లో గాని రాలేదు. ఆడదానికి మాత్రం ఏ చట్టమూ అక్కర్లేకుండానే అది తలరాత. వ్యభిచారం గురించిన పాత 497వ సెక్షను మరీ ఘోరం. భర్త సమ్మతిస్తే నేరమే కాదు! మొగుడు దారి తప్పితే ఫిర్యాదు చేసే హక్కు భార్యకు లేదు. పెళ్లాం ఆస్తి కాకపోతే ఈ లెక్కేమిటి? 2018లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేస్తే సంసారాలు కూలిపోతాయని గోల చేశారు.

కామర్సు చదివినవాణ్ణి. ఒప్పందమంటే ఇరుపక్షాలూ కట్టుబడాలి. పోయినవాడి డిపాజిట్టు కోసం ఇద్దరు ఆడవాళ్లు మా కౌంటరు దగ్గరికి రావడం చాలాసార్లు చూశాను. ఒకామె చేతిలో శుభలేఖ, మరొకామె చేతిలో రేషను కార్డు. పెళ్లి చెల్లదు గనుక రెండో ఆమెకు వారసత్వం లేదు. ఆమె పిల్లలకు తండ్రి వాటాలో హక్కుందని 2023లో సుప్రీంకోర్టు తేల్చింది, అంతవరకు నయం. (2025 నవంబరు నుంచి ఖాతాకు నలుగురు నామినీలను పెట్టుకోవచ్చు. కొందరికి మహా సౌకర్యం!)

కుర్రవాళ్ల పద్ధతి నాకూ నచ్చదు, మా ఇంట్లో ఒప్పుకోను. కాని వాళ్లు చెప్పి చేస్తున్నారు. చెప్పకుండా చేసినవాణ్ణి రసికుడని మెచ్చుకున్న నోళ్లతోనే వాళ్లను తిడతారా?