ఇంగ్లీషు ముచ్చట్లు: ఫార్మర్ అంటే రైతు కాదు

పోయిన సంచికలో ‘లెండ్’, ‘బారో’ మాటల గురించి ముచ్చటించుకున్నాం. మనం రెండింటినీ ‘అప్పు’ అనే ఒక్క మాటతోనే నడిపిస్తాం కాబట్టి ఆ తికమక సహజమేనని అనుకున్నాం. ఈసారి ఒక మాట తెచ్చిన చిక్కుతో మొదలుపెడతాను. అందులో నా తప్పు కూడా ఉంది.

బరంపురంలో మా వీధిలో ఒక పెద్దాయన ఉన్నారు. నేను ‘బాబాయి గారూ’ అని పిలుస్తాను. పట్టుబట్టల కొట్టులో ముప్పై ఏళ్ళకు పైగా గుమస్తాగా చేశారు. లెక్కల్లో దిట్ట. ఇంగ్లీషు మాత్రం అంతంత మాత్రం. కొన్నేళ్ళ కిందట తనకూ పిన్ని గారికీ కలిపి పొదుపు ఖాతా తెరవడానికి మా బ్రాంచికి వచ్చారు. ఫారం నేనే నింపుతూ, “ఫార్మర్ ఆర్ సర్వైవరా, ఈదర్ ఆర్ సర్వైవరా, బాబాయి గారూ?” అని అడిగాను. ఒక్క క్షణం ఆలోచించి “ఫార్మర్ అనే పెట్టు నాయనా” అన్నారు. పెట్టేశాను. ఇద్దరూ సంతకాలు చేశారు.

రెండేళ్ళ తరువాత ఆయనకు పక్షవాతం వచ్చింది. ఆసుపత్రిలో చేర్చారు. పిన్ని గారు పాస్‌బుక్కు పట్టుకుని నలభై వేల కోసం కౌంటరుకు వస్తే, డబ్బు ఇవ్వడానికి వీల్లేకపోయింది. ‘ఫార్మర్’ అంటే ఇద్దరిలో మొదట పేరున్నవారు. ఆయన బతికి ఉన్నంతకాలం ఆయనే తీయాలి. ఆయన తదనంతరమే రెండోవారికి హక్కు. ‘ఈదర్’ అని ఉంటే ఇద్దరిలో ఎవరైనా తీసుకోవచ్చు. ఆవిడ ఏమీ అనలేదు. “నా పేరు కూడా ఉంది కదా బాబూ” అని మాత్రం అన్నారు.

ఆ మధ్యాహ్నం నేనే ఫారం పట్టుకుని ఆసుపత్రికి వెళ్ళాను. సంతకం చేయలేని స్థితిలో ఉన్న ఖాతాదారు వేలిముద్ర వేయవచ్చు. దానికి ఇద్దరు సాక్షులు ఉండాలి, ఒకరు బాధ్యత గల బ్యాంకు ఉద్యోగి కావాలి. ఆ పని పూర్తయ్యాక ఆయన తడబడే గొంతుతో చెప్పారు: “ఫార్మర్ అంటే రైతు అనుకున్నాను నాయనా. మా తాతల నాటి పొలం ముక్క ఉంది కదా, వడ్డీ ఏమైనా ఎక్కువ వస్తుందేమోనని.”

నాకు నవ్వు రాలేదు. మన నోట ఆ రెండు మాటలూ ఒకేలా పలుకుతాయి. కాగితం మీద స్పెల్లింగు వేరు, అర్థం వేరు. నేను ఇంగ్లీషులో అడిగాను గాని, “మీరొక్కరే తీస్తారా, పిన్ని గారు కూడా తీయాలా?” అని తెలుగులో ఒక్క ముక్క అడిగి ఉంటే సరిపోయేది. ఆయన కోలుకున్నాక ఇద్దరూ వచ్చి దాన్ని ‘ఈదర్’గా మార్పించుకున్నారు. మీ ఇంట్లో జాయింటు ఖాతా ఉంటే ఈ వారమే పాస్‌బుక్కు తీసి ఆ వరుస చూడండి.

ఇక ప్రెపొజిషన్ల సంగతి. మన విభక్తి మాట వెనక వస్తుంది, ఇంగ్లీషువాళ్ళది మాట ముందు నిలుస్తుంది. మా ఊరి పిల్లలు బడిలో మాట్లాడే ఒడియాలో కూడా ‘కు’ మాట వెనకే. కాబట్టి ముందు తెలుగు వాక్యాన్ని సరిగ్గా చెప్పుకుంటే సగం చిక్కు తీరుతుంది. “శుక్రవారం వరకు ఉంటాను” అంటే ‘టిల్ ఫ్రైడే’. “శుక్రవారం నాటికి కడతాను” అంటే ‘బై ఫ్రైడే’. ఒక ఖాతాదారు ‘ఐ విల్ పే టిల్ ఫ్రైడే’ అని రాశారు. శుక్రవారం దాకా కడుతూ ఉంటాను, ఆపైన మానేస్తాను అన్నట్టయింది! అలాగే ‘ఇన్ ఎ వీక్’ అంటే వారం గడిచాక, ‘వితిన్ ఎ వీక్’ అంటే వారం లోగా.

‘నుంచి’ దగ్గర మాత్రం తెలుగు మనకు సాయపడదు. “2015 నుంచి”, “పదేళ్ళ నుంచి” రెండూ మనకు ఒకటే. ఇంగ్లీషులో మొదలైన కాలం చెబితే ‘సిన్స్’, గడిచిన కాలం కొలిస్తే ‘ఫర్’. అందుకే ‘సిన్స్ టెన్ ఇయర్స్’ తప్పు.

ఆ ‘ఫర్’ అనే చిన్న మాటే మన సంఘాల కోశాధికారులను కాపాడుతుంది కూడా. చెక్కు మీద సంఘం పేరుకు ముందు ‘ఫర్’ అని ఉండి, దాని కింద కోశాధికారి హోదాతో సంతకం చేస్తే, ఆ బాకీ సంఘానిది. తాను ప్రతినిధిగా చేస్తున్నట్టు ఎక్కడా చూపకుండా ఉత్త సంతకం చేస్తే, 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 28వ సెక్షను ప్రకారం ఆ బాధ్యత సొంత నెత్తిన పడవచ్చు. పండుగ చందాల ఖాతా నడిపే తమ్ముళ్ళు గమనించాలి.

పిల్లలకు ఈసారి రెండు వాక్యాలు. ‘షి ఈజ్ మ్యారీడ్ విత్ ఎ డాక్టర్.’ ‘లెట్ అజ్ డిస్కస్ అబౌట్ ది ఫంక్షన్.’ ఒకదానిలో ప్రెపొజిషన్ మార్చాలి, రెండోదానిలో తీసేయాలి. మన ‘తో’, మన ‘గురించి’ ఎక్కడ అడ్డు వచ్చాయో ఇంట్లో పెద్దలతో కూర్చుని కనిపెట్టండి. జవాబులు వచ్చే సంచికలో.

అన్నట్టు, బాబాయి గారు ఇప్పుడు చేతికర్రతో నడుస్తున్నారు. బ్యాంకుకు పిన్ని గారే వస్తున్నారు. మొన్న ఒక ఫారం ఇస్తే నా ముందే పెట్టి, “తెలుగులో చెప్పు బాబూ, అప్పుడు సంతకం పెడతాను” అన్నారు.