మాత్ర వేసుకున్నాడు

మా పత్రికకు తరచూ రాసే మిత్రుడొకరు ఒక బెంగాలీ కథను తెలుగు చేసి అనువాద బహుమతికి పంపారు. పోయిన నెల తిరిగొచ్చింది. రావడం గురించి బెంగ లేదు, కలకత్తాలో కూర్చుని తెలుగు రాసేవాళ్లకు అది అలవాటే. బాధల్లా అంచున ఎర్రసిరాతో చేసిన దిద్దుబాటు. 'మాత్ర వేసుకున్నాడు' కొట్టేసి 'తీసుకున్నాడు' అని రాశారు. ఇంగ్లీషు అనువాదంలో 'టేక్' ఉందట!

మూలంలో ఉన్నది 'ఖేలో'. తిన్నాడు అని. బెంగాలీవాళ్లు మందు తింటారు, నీళ్లు తింటారు, సిగరెట్టూ తింటారు. కాలేజీ స్ట్రీటు టీకొట్టువాడు 'చా ఖాబేన్?' అంటాడు, ఏ పండితుడూ వాణ్ని దిద్దలేదు. (దెబ్బలూ లంచాలూ మాత్రం వాళ్లూ మనమూ ఒకే పంక్తిలో తింటాం.)

ఇంగ్లీషువాడు 'టేక్' అని ఊరుకునే చోట మనకు ఏ పనికి ఆ మాట ఉంది. బస్సు ఎక్కుతాం, ఫొటో తీస్తాం, స్నానం చేస్తాం, పరీక్ష రాస్తాం, సెలవు పెడతాం, నింద నెత్తిన వేసుకుంటాం. ఎవరైనా మాటంటే నొచ్చుకుంటాం. ఇప్పుడివన్నీ 'తీసుకోవడం' అనే ఒక్క గంగాళంలో పోస్తున్నారు. జాగ్రత్త పడేవాళ్లం జాగ్రత్తలు తీసుకుంటున్నాం. శ్రద్ధ పెట్టేవాళ్లు పోయి తీసుకునేవాళ్లు మిగిలారు. నడుం వాల్చడం మోటయింది, విశ్రాంతి తీసుకోవాలి. 'కాఫీ తీసుకోండి'లో మర్యాద ఉందంటారు. ఉండనివ్వండి, 'పుచ్చుకోండి' అన్న మా అమ్మమ్మకు మర్యాద ఏం తక్కువ?

ఇంగ్లీషువాళ్లే నయం. 1989 నాటి ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు 'సెట్' అనే ఒక్క క్రియను 430 అర్థాలుగా విడదీసింది. మనకు విడివిడిగా ఉన్నవాటిని మనమే ముద్ద చేస్తున్నాం.

బ్రౌన్ దొర పుట్టింది ఈ కలకత్తాలోనే, 1798లో. 1852లో ఆయన ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు అచ్చయింది. జనం నోట కలిసిపోయిన పరభాషా మాటలనూ వదల్లేక 1854లో మిశ్రభాషా నిఘంటువు వేశాడు. పరాయివాడు గనక మన మాట ఎలా ఉంటుందో అడిగి తెలుసుకున్నాడు. నేటి న్యాయనిర్ణేతలకు ఆ అగత్యం లేదు. బల్ల మీద ఇంగ్లీషు ప్రతి, చేతిలో ఎర్రపెన్ను ఉంటే చాలు. బెంగాలీ రాకపోతే తప్పు పట్టం. ఇంట్లో తాము రోజూ అనే మాటను కాగితం మీద చూసి తప్పనడం మాత్రం అజ్ఞానం కాదు, అహంకారం.

ఆ కథను ఈ సంచికలో వేస్తున్నాం. అందులో అతను మాత్ర వేసుకునే పడుకుంటాడు.