మంచు కొలువుకు మనుషుల అండ

2025 సెప్టెంబరు మొదటి రెండు వారాలు అలాస్కాలోని ఫోర్ట్ వెయిన్‌రైట్‌లో భారత సైనికులు అమెరికా సైనికులతో కలిసి కసరత్తు చేశారు. రెండు దేశాల సైన్యాలు జరుపుకొనే ‘యుద్ధ్ అభ్యాస్’ సంయుక్త విన్యాసాల్లో అది 21వ విడత. భారత్ తరఫున వెళ్ళింది మద్రాస్ రెజిమెంటుకు చెందిన బెటాలియన్. మన తెలుగు జిల్లాల యువకులు తరతరాలుగా చేరుతున్న రెజిమెంటు అది. రెండు వారాలు కాగానే ఆ అతిథులు ఇంటికి బయల్దేరారు. ఆతిథ్యమిచ్చిన 11వ ఎయిర్‌బోర్న్ డివిజన్ సైనికులు మాత్రం అక్కడే ఉన్నారు. వాళ్ళకు అసలు పరీక్ష ఆ తర్వాత వచ్చే చలికాలంలోనే మొదలవుతుంది.

ఫెయిర్‌బ్యాంక్స్ పట్టణాన్ని ఆనుకుని ఉన్న ఈ స్థావరంలో డిసెంబరు మూడో వారంలో పగలు నాలుగు గంటలు కూడా ఉండదు. చలి మైనస్ 40కి దిగే రోజులుంటాయి. ఆ అంకె దగ్గర సెల్సియస్, ఫారెన్‌హీట్ రెండూ ఒకటే కాబట్టి ఊళ్ళో ఉన్న అమ్మమ్మకు లెక్క మార్చి చెప్పాల్సిన పని ఉండదు. కారు ఇంజిన్‌ను రాత్రంతా కరెంటు ప్లగ్గుకు తగిలించి వెచ్చగా ఉంచకపోతే పొద్దున స్టార్టు కాదు. ఆంకరేజ్ వెళ్ళాలంటే రోడ్డు మీద సుమారు 360 మైళ్ళు. మిషిగన్, మిన్నెసోటా చలికి అలవాటు పడ్డామనుకునే మనవాళ్ళకు కూడా అది వేరే లోకమే.

అలాంటి చోట సైన్యం ఎందుకంటే, ఉత్తర ధ్రువం మీదుగా చూస్తే రష్యా అమెరికాకు పక్కింటి లెక్క. పైగా సముద్రపు మంచు తగ్గుతున్న కొద్దీ ఆ దారులపై పెద్ద దేశాల చూపు పడుతోంది. అందుకే 2020 ఏప్రిల్ నుంచి రెండేళ్ళలో ఫెయిర్‌బ్యాంక్స్ సమీపంలోని ఐల్సన్ వైమానిక స్థావరానికి 54 ఎఫ్-35 యుద్ధ విమానాలు చేరాయి. ఫోర్ట్ గ్రీలీలో శత్రు క్షిపణులను అడ్డగించే 40 క్షిపణులను నేల కింద సిద్ధంగా ఉంచారు. క్లియర్ కేంద్రంలో క్షిపణుల జాడ పట్టే భారీ రాడార్ ఉంది. 2022 జూన్ 6న 11వ ఎయిర్‌బోర్న్ డివిజన్‌ను అలాస్కాలో తిరిగి ప్రారంభించారు. విమానాలు, రాడార్లు డబ్బు పెడితే వస్తాయి. వాటి దగ్గర మనిషిని నిలబెట్టడమే కష్టం.

ఆ కష్టం ఎంతటిదో 2021లో బయటపడింది. ఆ ఒక్క ఏడాదిలో అలాస్కాలోని ఆర్మీ సైనికుల్లో 17 మంది ఆత్మహత్య చేసుకున్నట్టు తేలింది లేదా అనుమానించారు. అక్కడున్న మొత్తం ఆర్మీ సైనికులు పన్నెండు వేలకు మించరు. ఒక్క తూటా పేలని చోట అన్ని ప్రాణాలు పోవడం దేశాన్ని కలవరపెట్టింది. నిజానికి ఇది ముందు తెలియని సంగతేమీ కాదు. ఫోర్ట్ వెయిన్‌రైట్ పరిస్థితిపై 2019లోనే సైన్యం ఒక పరిశీలన జరిపించింది. ఒంటరితనం, నిద్రలేమి, మద్యం, అప్పులు, చేసే పనికి అర్థమేమిటో తెలియకపోవడం వంటివి అందులో కనిపించాయి. బ్యారక్స్ బాగుచేశారు, వెలుతురు ఏర్పాట్లు చూశారు. కానీ ‘నాకేదో బాగాలేదు’ అని చెప్పుకోవడానికి కౌన్సెలర్ కావాలంటే వారాల తరబడి ఆగాల్సిన స్థితి తప్పలేదు.

ఆ తర్వాత సైన్యం చేసిన పనుల్లో రెండింటిని ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఒకటి, అడిగినవాళ్ళకే కౌన్సెలింగ్ అన్న పద్ధతి వదిలి, ప్రతి సైనికుడూ ఒక్కసారైనా కౌన్సెలర్‌తోనో మత బోధకుడితోనో మాట్లాడేలా ఏర్పాటు చేసింది. అందరూ వెళ్తున్నప్పుడు ఎవరూ తలదించుకోనక్కర్లేదు. రెండు, మంచుకు సరిపడని స్ట్రైకర్ వాహనాలను పక్కనబెట్టి, చలిలో, కొండల్లో పోరాడటమే మీ పని అని ఆ దళానికి ఒక గుర్తింపు ఇచ్చింది. మరుసటి ఏడాది మరణాల సంఖ్య బాగా తగ్గింది. మనిషిని నిలబెట్టేది బోనస్ ఒక్కటే కాదనడానికి ఇంతకన్నా ఏం కావాలి? పనికి అర్థం ఉండాలి, పలకరించే గొంతు ఉండాలి.

నియామకాల కథ కూడా ఇదే చెబుతోంది. 2022 ఆర్థిక సంవత్సరంలో అమెరికా ఆర్మీ తన లక్ష్యానికి 15 వేల మంది దూరంలో ఆగిపోయింది. తర్వాత కోలుకుని 2024లో, 2025లో లక్ష్యాలు అందుకుంది. అయితే చేర్చుకోవడం వేరు, నిలుపుకోవడం వేరు. ఫెయిర్‌బ్యాంక్స్‌కు ఆర్డరొచ్చిన సార్జెంటు తన ఇంట్లో ముందు ఎదుర్కొనే ప్రశ్నలు ఇవే: అక్కడ నీ భార్యకు ఉద్యోగం దొరుకుతుందా? పిల్లల బడి ఎలా ఉంటుంది? అద్దెకు ఇల్లు ఉందా? విమానాలతో పాటు వేలమంది సిబ్బంది, కుటుంబాలు వచ్చేసరికి ఐల్సన్ చుట్టుపక్కల ఇళ్ళకు కటకట ఏర్పడింది. ఆ స్థావరంలోని పిల్లలు చదివేది స్థానిక స్కూల్ డిస్ట్రిక్టు బడుల్లోనే. అంటే యుద్ధవిమానం దగ్గర పనిచేసే మెకానిక్ అక్కడ ఉంటాడా, వెళ్ళిపోతాడా అన్నది స్థానిక బడి బడ్జెట్ మీద కూడా ఆధారపడి ఉంది.

ఇంకా పైకి వెళ్తే గ్రీన్‌లాండ్‌లో పిటుఫిక్ ఉంది. 2023 దాకా దాని పేరు థూలే. అది ఆర్కిటిక్ వలయానికి కూడా 750 మైళ్ళు ఉత్తరాన ఉంటుంది. అక్కడికి కుటుంబాన్ని తీసుకెళ్ళే వీల్లేదు. అందుకే ఒక్కొక్కరికి ఏడాది పాటే కొలువు. మన సియాచిన్‌లోనూ అంతే. 1984లో ఆపరేషన్ మేఘదూత్‌తో ఆ హిమానీనదంపై నిలిచినప్పటి నుంచి భారత సైన్యం శిఖరాల మీది జవాన్లను కొన్ని నెలలకోసారి మారుస్తూనే ఉంది. మనిషి ఓర్పుకు హద్దుందని రెండు సైన్యాలూ ఒప్పుకున్నాయన్న మాట. అలాస్కా సంగతి వేరు. అక్కడి పోస్టింగు రెండు మూడేళ్ళ కాపురం. కాపురానికి ఊరు కావాలి.

మంచు ఎంత దూరంలో ఉన్నా దాని దెబ్బ తెలుగు గడపకు తగులుతుందని మనకు తెలుసు. 2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లో 19 వేల అడుగులకు పైన మంచుచరియ విరిగిపడి మద్రాస్ రెజిమెంటు జవాన్లు పదిమంది దాని కింద చిక్కుకున్నారు. అప్పటి కర్నూలు జిల్లా పార్నపల్లెకు చెందిన సిపాయి ముస్తాక్ అహ్మద్ వారిలో ఒకరు. ఆ రోజుల్లో ఊరు ఊరంతా ఆ ఇంటి ముందు నిలబడింది. పశ్చిమ గోదావరిలోని మాధవరాన్ని అందరూ మిలటరీ మాధవరం అనే పిలుస్తారు. రెండు ప్రపంచ యుద్ధాలకూ ఇంటింటి నుంచి మనుషుల్ని పంపిన ఊరది. సెలవు మీద వచ్చిన జవాను అక్కడ ఎవరింట్లో కూర్చున్నా సైన్యం సంగతి తెలిసినవాళ్ళే ఉంటారు. అలాంటి ఊరే సైనికుడికి వెన్నెముక.

మరి ఇక్కడ మనకు అలాంటి ఊరు ఉందా? అమెరికాలో పుట్టిన మన పిల్లల్లో చాలామందికి పద్దెనిమిదేళ్ళు నిండాయి. 2009 నుంచి 2016 దాకా నడిచిన మావ్ని పథకంలో వీసాల మీదున్న భారతీయ యువకులు కొందరు సైన్యంలో చేరి పౌరులయ్యారు. ఇప్పుడు పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఆ తలుపు తెరిచే ఉంది. అయినా ఇంట్లో కొడుకో కూతురో ‘ఆర్మీలో చేరతాను’ అంటే మన మొదటి మాట ఏమిటి? ‘ఇందుకేనా ఇంత దూరం వచ్చి నిన్ను చదివించింది?’ ఆ మాట విన్న పిల్ల వెళ్ళడం మానకపోవచ్చు. ఫెయిర్‌బ్యాంక్స్ బ్యారక్స్‌లో రాత్రి నిద్ర పట్టనప్పుడు ఇంటికి ఫోన్ చేయడం మాత్రం మానేస్తుంది. ‘నేను ముందే చెప్పాను కదా’ అని వినాల్సి వస్తుందన్న భయమే దానికి కారణం.

పిల్లలు సైన్యంలో చేరాలని చెప్పడం ఈ పత్రిక ఉద్దేశం కాదు. వద్దనే హక్కు, వెళ్ళకముందు గట్టిగా వాదించే హక్కు తల్లిదండ్రులకు ఉంది. ఆ వాదన సంతకం పెట్టే రోజుతో ముగిసిపోవాలి. ఆ తర్వాత ఇంటి తలుపు, ఫోన్ లైను తెరిచే ఉండాలి. అలాస్కా సమయం న్యూజెర్సీ కంటే నాలుగు గంటలు వెనక. మనం పడుకునే వేళకు అక్కడ బిడ్డ డ్యూటీ దిగి ఒంటరిగా కూర్చునే వేళ అవుతుంది. ఆ వేళకు చేసే ఫోన్ ఖరీదు ఏమీ లేదు.

ప్రభుత్వాన్ని అడగాల్సినవీ ఉన్నాయి. ఓటున్న మనం వాటిని మన కాంగ్రెస్ సభ్యుల ముందు పెట్టవచ్చు. ఉత్తరాది స్థావరాల్లో కౌన్సెలర్ల ఖాళీలు భర్తీ చేశాకే కొత్త దళాలను పంపాలి. ఏడాదికోసారి ఇంటికి వెళ్ళొచ్చే విమాన ఖర్చును ప్రభుత్వం భరించడం దయ కాదు, ఆ పోస్టింగులో భాగం. సైనికుల జీవిత భాగస్వాముల వృత్తి లైసెన్సులు ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రంలో చెల్లేలా 2023 జనవరిలో చట్టం వచ్చింది. అది కాగితం మీద ఉండిపోకుండా నర్సుకు, టీచరుకు అక్కడ ఉద్యోగంగా మారాలి. కఠినమైన చోటికి వీలైనంతవరకు ఇష్టపడి వచ్చేవారినే పంపాలి. ఇష్టంతో వచ్చినవాడికి చలి ఒక సవాలు. బలవంతంగా వచ్చినవాడికి అదే శిక్ష.

మన సంఘాలకూ పని ఉంది. సంక్రాంతి, ఉగాది వేడుకల్లో వేదిక మీద సన్మానాలు చాలా జరుగుతుంటాయి. సైన్యంలో పిల్లలున్న తెలుగు కుటుంబాలు ఒకరికొకరు తెలిసేలా ఒక చిన్న జాబితా, నెలకో ఫోన్ కలయిక ఏర్పాటు చేయడానికి శాలువాలతో పని లేదు. మనలో మానసిక వైద్యులున్నారు, కౌన్సెలర్లున్నారు. తెలుగులో కష్టం చెప్పుకోవాలనుకునే తల్లికి నెలలో గంట కేటాయించగలవారు కచ్చితంగా ఉంటారు. పచ్చళ్ళు, పొడులు పార్సిల్ కట్టి పంపే చేతులు మనకెప్పుడూ తక్కువ కాదు. ఆ పార్సిల్ మీద ఒక సైనికుడి చిరునామా రాయడమే కొత్త.

ఒక చివరి మాట. మీ ఇంట్లోగానీ, తెలిసిన ఇంట్లోగానీ సైనికుడు మాటలు తగ్గించాడని, ఆశ వదిలేసినట్టు ఉన్నాడని అనిపిస్తే సంకోచించకండి. 988కి ఫోన్ చేసి 1 నొక్కితే సైనికులకు, మాజీ సైనికులకు సాయపడేవారు ఏ వేళకైనా పలుకుతారు. వారి కుటుంబాలు, స్నేహితులు కూడా చేయవచ్చు. ఈ నంబరును ఈరోజే ఫోన్‌లో దాచుకోండి. మాధవరంలో ఊరు చేసిన పనిని ఇక్కడ మనమే చేయాలి.