అవ్వ వంతు

మా వీధిలో కొళాయి నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి. అనంతపురంలో ఉన్నవాళ్ళకి ఆ గంట విలువ వేరే చెప్పక్కర్లేదు. ఏడాదంతా కలిపి 550 మిల్లీమీటర్ల వాన పడితే అదే మహాభాగ్యం అనుకునే నేల మాది. అందుకే నీళ్ళొచ్చే వేళకి మా ఆయన ఆఫీసుకి ఆలస్యమైనా సరే బయటికి కదలరు. నేను ఫోనెత్తను. పిల్లలు హోంవర్కు పక్కన పడేసి బిందెలు అందిస్తారు. పెళ్ళి ముహూర్తమైనా అటూ ఇటూ జరుగుతుందేమో గానీ, మా ఇంట్లో నీళ్ళ టైము జరగదు.

మరి పిల్లలతో కూర్చుని నాలుగు మాటలు మాట్లాడే టైము ఎప్పుడు అంటే నా దగ్గర జవాబు లేదు. కుదిరినప్పుడు. పని అయినాక. రేపు. ఈ సంగతి నాకు అనంతపురంలో తట్టలేదు. రెండొందల కిలోమీటర్ల అవతల, బెంగళూరులో మా పెద్దమ్మ కూతురింట్లో తట్టింది.

ఆ చెల్లెలూ మరిదీ ఆరేళ్ళ కిందట మార్మన్ సంఘంలో చేరారు. ‘యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘము’ అన్నది వాళ్ళ అసలు పేరు. మా పెద్దమ్మకి ఆ పేరూ నోరు తిరగలేదు, ఆ పనీ మింగుడు పడలేదు. కదిరి నరసింహస్వామి ఇలవేల్పుగా ఉన్న ఇంట్లో పుట్టిన కడగొట్టు బిడ్డ ఇట్లా చేసిందే అని, ఆరేళ్ళు ఆ గడప తొక్కలేదు. కూతురే పిల్లల్ని తీసుకుని పల్లెకి వచ్చి, చూసి, పోతూ ఉండేది.

ఈ వేసవిలో ఐదేళ్ళ మనవరాలు ఫోన్లో అడిగిందట. ‘అవ్వా, మేమే వస్తాం, నువ్వు రావు. నీకు మా ఇల్లు తెలీదా?’ అని. ఎనభై ఏళ్ళ మనిషికి నోట మాట రాలేదు. మర్నాడు నాకు ఫోను చేసి, ‘మ్మే, బెంగుళూరికి పోయే పనేమన్నా ఉంటే చెప్పు’ అంది. నాకు పనేమీ లేదు. ఉందని చెప్పాను.

బస్సు పెనుకొండ దాటేదాకా పెద్దమ్మ కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. తరువాత నా చెవి దగ్గరికి వంగి అసలు భయం బయటపెట్టింది.

‘ఆ మతంలో మొగోళ్ళు ఇద్దర్నీ ముగ్గుర్నీ చేసుకుంటారంటనే?’

నాకు తెలిసింది చెప్పాను. ఈ సంఘం 1830లో అమెరికాలో, న్యూయార్క్ రాష్ట్రంలో మొదలైంది. తరువాత యూటాకి చేరింది. ఒకప్పుడు వాళ్ళలో బహుభార్యత్వం ఉన్న మాట నిజమే. 1890లో దాన్ని ఆపేస్తున్నట్టు ప్రకటించారు. ఇప్పుడెవరైనా అట్లా చేస్తే సంఘంలోంచి తీసేస్తారు.

పెద్దమ్మ కాసేపు ఆలోచించి, ‘మన ఊర్లో ఆ పని చేసినోళ్ళని ఎవురూ తీసేయలేదే’ అంది.

ఆ మాటతో కొంచెం ధైర్యం వచ్చి మిగతాదీ చెప్పాను. ఇది మన తెలుగువాళ్ళకి మరీ కొత్తదేమీ కాదు. సమోవా దీవుల్లో ఉంటూ ఈ సంఘంలో చేరిన ఎడ్విన్, ఎల్సీ ధర్మరాజు దంపతులు 1978 డిసెంబరులో హైదరాబాదు వచ్చినప్పుడు, వాళ్ళ బంధువుల్లోనే ఇరవై మందికి పైగా బాప్తిస్మం తీసుకున్నారు. కొన్ని స్థానిక సంఘాలు కలిస్తే ఏర్పడే ‘స్టేకు’ మన దేశంలో మొట్టమొదట 2012లో హైదరాబాదులోనే ఏర్పడింది. బెంగళూరులో పెద్ద దేవాలయం కడతామని 2018లో ప్రకటించి, 2020 డిసెంబరులో పని మొదలుపెట్టారు.

‘ఎవురి కత వాళ్ళది’ అంది పెద్దమ్మ. అంతటితో ఆ చర్చ ముగిసింది.

శనివారం రాత్రికి చేరాం. అసలు చిక్కు తెల్లారి కాఫీతో వస్తుందని నాకు తెలుసు. వాళ్ళకి జ్ఞానవాక్యం అని ఒక ఆరోగ్య నియమం ఉంది, 1833 నాటిది. సారా, పొగాకుతో పాటు టీ, కాఫీ కూడా ముట్టరు. మా పెద్దమ్మకా, ఐదున్నరకి కాఫీ పడకపోతే ఆరింటికి తలనొప్పి. ఆ సంగతి ముందే ఊహించి, సంచిలో చీరల మడతల మధ్య బ్రూ ప్యాకెట్లు పది దాచి తెచ్చుకుంది. కూతురింట్లో దొంగతనంగా కాఫీ కలుపుకోవడానికి!

ఆదివారం ఐదున్నరకి వాకిలి చప్పుడైంది. మా మరిది చెప్పులిప్పి లోపలికొచ్చాడు. చేతిలో ఫ్లాస్కు. వీధి చివర దర్శిని తెరిచేదాకా నిలబడి తెచ్చాడట.

‘అత్తా, చక్కెర తక్కువే వేయించినాను’ అన్నాడు.

పెద్దమ్మ ఏమీ అనలేదు. గ్లాసు తీసుకుని బాల్కనీలో కూర్చుని నిమ్మళంగా తాగింది. నేను చెప్పేదొక్కటే, ఆ పది ప్యాకెట్లూ విప్పకుండా మళ్ళీ పల్లెకే చేరాయి.

అయితే ఆ పగలే ఇంకో గొడవ వచ్చి పడింది. ఆ రోజు నెలలో మొదటి ఆదివారం. వాళ్ళకి ఉపవాసం. పెద్దవాళ్ళు రెండు పూటలు నీళ్ళు కూడా ముట్టకుండా ఉండి, ఆ తిండికయ్యే డబ్బు పేదవాళ్ళ కోసం సంఘానికి ఇస్తారు. చిన్నపిల్లలకి బలవంతం లేదు. కానీ తొమ్మిదేళ్ళ పెద్దవాడు, ఎనిమిదో ఏట బాప్తిస్మం అయినవాడు, తానూ ఉంటానని పట్టుపట్టాడు. నాన్న ఉంటే తనెందుకు ఉండకూడదని వాడి వాదన.

పెద్దమ్మ మొహం మాడిపోయింది. ఏకాదశికి తనూ ఉపవాసం ఉండే మనిషే. అయినా పసివాడు అన్నం వద్దంటే చూడలేకపోయింది. ‘తిండి ఉండి మానుకుంటే ఉపవాసం, లేక మానుకుంటే పస్తు. ఆ తేడా తెలీని బిడ్డకి ఇవన్నీ ఏంటికి?’ అని నా మీద కేకలేసింది. వినాల్సినవాళ్ళు అప్పటికే ఆరాధనకి బయలుదేరారు. ఇదివరకు వాళ్ళ ఆదివారం కూటం మూడు గంటలుండేదట, 2019 జనవరి నుంచి రెండు గంటలకి తగ్గించి, మిగతా చదువు ఇంట్లోనే పిల్లలతో చేసుకోమన్నారట.

తిరిగొచ్చాక మధ్యాహ్నం బాత్రూంలో గడప పక్కన నాకు బిస్కట్ పొడి కనిపించింది. నా వెనకే వచ్చిన చెల్లెలూ చూసింది. చెంబుతో నీళ్ళు పోసి కడిగేసి, నోటి మీద వేలు పెట్టుకుని వెళ్ళిపోయింది. ఆ సాయంత్రమంతా పిల్లవాడు ఎవరి కళ్ళలోకీ చూడలేదు.

ఇక సోమవారం. ఆ ఇంట్లో హాలు గోడకి ఒక అట్టముక్క వేలాడుతుంటుంది. దాని మీద పాట, ప్రార్థన, కథ, ఆట, తిండి అని ఐదు గళ్ళు. ఒక్కో గడికి ఒక్కో బట్టల క్లిప్పు, క్లిప్పు మీద పేరు. వారం వారం క్లిప్పులు జరుగుతుంటాయి. ‘కుటుంబ గృహ సాయంకాలం’ అంటారు దాన్ని. వారానికొక సాయంత్రం పిల్లలతో గడపమని వాళ్ళ పెద్దలు 1915లోనే చెప్పారట. 1970 నుంచి అందుకు సోమవారం ఖాయం చేసి, ఆ సాయంత్రం సంఘం పనులేవీ పెట్టుకోవద్దన్నారు.

ఏడున్నరకి ఫోన్లన్నీ ఫ్రిజ్ పైకి ఎక్కాయి. మరిది ఆఫీసు ఫోను కూడా. ఏదో భక్తి కార్యక్రమం కదా అని నేను కొంగు సర్దుకుని కూర్చున్నాను. జరిగింది వినండి. పాట పెద్దవాడిది. మొదటి చరణం మర్చిపోయి రెండోది రెండుసార్లు పాడాడు. మా అమ్మాయి కిసుక్కున నవ్వింది. ప్రార్థన చిన్నదానిది. స్కూలు వ్యానుకి, గోడ మీద బల్లికి, అవ్వ మోకాళ్ళకి దేవుడికి థాంక్స్ చెప్పింది. మధ్యలో కన్ను తెరిచి చూసి, అన్న కళ్ళు మూసుకోలేదని అరిచింది. నువ్వు తెరిస్తేనే కదా తెలిసింది అని వాడు గిల్లాడు. ఏడుపు. సర్ది చెప్పేసరికి పది నిమిషాలు.

తరువాత కథ. ఆ గడిలో ఒక కొత్త క్లిప్పు ఉంది. వంకర టింకర అక్షరాలతో దాని మీద ‘అవ్వ’ అని రాసుంది.

‘నాకేంటికి మీ ప్రార్థనల్లో?’ అంది పెద్దమ్మ.

‘ప్రార్థన అయిపోయింది కదమ్మా. ఇది ఉత్త కథే’ అంది చెల్లెలు మెల్లగా.

చిన్నది పోయి అవ్వ ఒళ్ళో కూర్చుంది. ఇక తప్పలేదు.

ఏ రాజు కథో చెబుతుందనుకున్నాను. పెద్దమ్మ తన కథ చెప్పింది. 1952 కరువు. అప్పుడామెకి ఏడేళ్ళు. గొడ్లని తోలేసుకున్నారు. సర్కారు గంజి కేంద్రాలు పెట్టింది. వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని, సత్తు గిన్నెతో పొద్దుటి నుంచి వరసలో నిలబడింది. వీళ్ళ వంతు వచ్చేసరికి గంజి అయిపోయింది. ముందున్న ఆడమనిషి, ఎవరో ఏ ఊరో తెలీదు, వెనక్కి తిరిగి చూసి తన గిన్నెలోది సగం వీళ్ళ గిన్నెలో పోసి పోయింది.

‘ఆయమ్మ పేరు కూడా అడగల్యా మేము’ అంది పెద్దమ్మ.

నాకు ఈ కథ తెలీదు. కూతురికీ తెలీదని ఆమె మొహం చూస్తే అర్థమైంది. నలభై ఏళ్ళుగా ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

చిన్నది మాత్రం లెక్క తేల్చుకుంటోంది. ‘అవ్వా, అంటే మేము ఫాస్టింగ్ డబ్బులిస్తాం కదా, అవి తీసుకునేది మీరా?’

‘అవునే. మేమే.’

అంతే, పెద్దవాడు బావురుమన్నాడు. ‘నేను బిస్కట్లు తిన్నాను. నాలుగు. బాత్రూంలో’ అన్నాడు వెక్కుతూ.

మరిది ఏదో అనబోయాడు. పెద్దమ్మ చేత్తో ఆపింది. వాణ్ణి దగ్గరికి లాక్కుని మొహం తుడిచి, ‘మంచి పని చేసినావు నాయనా. ఆకలైతే తినాల. బాత్రూంలో తినగూడదు, అంతే. ఇట్లా అందరి ముందర కూర్చోని తిను’ అంది.

ఆ మాటకి చెల్లెలు నవ్వుతూనే ఏడ్చింది. ఆ వారం తిండి గడిలో మామిడిపండు ముక్కలున్నాయి. చిన్నది తన గిన్నె తెచ్చి అవ్వ చేతిలో పెట్టింది. ‘అప్పుడు అయిపోయింది కదా, ఇప్పుడు తిను’ అని.

పిల్లలు పడుకున్నాక చెల్లెల్ని మెచ్చుకున్నాను. తల అడ్డంగా ఊపింది. ‘రోజూ ఇట్లా ఉంటుందనుకోవద్దక్కా. సగం సోమవారాలు కొట్లాటతోనే అయిపోతాయి. ఒకసారి మా ఇద్దరికీ మాటల్లేవు, అట్లే మొహాలు తిప్పుకుని కూర్చున్నాం. అయినా కూర్చున్నాం.’

తిరుగు బస్సులో ఆ మాటే తిరుగుతూ ఉండింది నాకు. మా కొళాయిలో కూడా ఒక్కోసారి ఉత్త గాలే వస్తుంది. ఒక్కోసారి బురద నీళ్ళు. అట్లాగని బిందె పెట్టడం మానేస్తామా? ఆ టైముకి అక్కడ మనిషి ఉండాలి. లేకపోతే మంచి నీళ్ళొచ్చిన రోజు కూడా మనకి దక్కవు.

మతం వాళ్ళది, అది వాళ్ళకే ఉండనీ. అట్టముక్క మాత్రం నేను కాపీ కొట్టాను. మా ఇంట్లో ప్రార్థన గడి బదులు ‘పొద్దుటి నుంచి ఏమైంది’ అని రాశాం. సోమవారం వద్దని పిల్లలే అన్నారు, ఆ వారం నీళ్ళు ఆ రోజే. గురువారం పెట్టుకున్నాం. మొదటి గురువారం మా ఆయన కూర్చున్నచోటే నిద్రపోయారు. రెండో గురువారం అమ్మాయి కార్టూన్లు పెట్టమని గోల.

మూడో గురువారం మా అబ్బాయి క్లిప్పుతో ఆడుకుంటూ, నేల చూపులు చూస్తూ చెప్పాడు. ట్యూషన్ నుంచి వాడు రెండు వీధులు చుట్టూ తిరిగి వస్తున్నాడట. దగ్గరి దారిలో పెద్ద పిల్లలిద్దరు ఆపి ఏడిపిస్తున్నారట. ఎన్ని రోజుల నుంచిరా అన్నాను. ‘మూడు నెలలైంది’ అన్నాడు.

మూడు నెలల్లో మా ఇంటికి నలభై ఐదుసార్లు నీళ్ళొచ్చాయి. ప్రతిసారీ నేను కొళాయి దగ్గర ఉన్నాను. వాడు నా పక్కనే బిందెలు అందిస్తూ ఉన్నాడు. మర్నాడు వాళ్ళ నాన్న వెళ్ళి ఆ పిల్లలతో మాట్లాడి వచ్చారు. ఇప్పుడు దగ్గరి దారినే వస్తున్నాడు.

పెద్దమ్మ సంగతి అడుగుతారేమో. మతం మాట ఎత్తితే ఇప్పటికీ మొహం తిప్పుకుంటుంది. శనివారం శనివారం నరసింహస్వామికి దీపం పెడుతుంది. కానీ సోమవారం ఏడున్నరకి పక్కింటి అమ్మాయి చేత వీడియో కాల్ చేయిస్తుంది. బెంగళూరులో ఫ్రిజ్ పైన కాకుండా కింద ఉండే ఒకే ఒక్క ఫోను అదే. పోయిన వారం ఆ సమయానికి నేనూ పల్లెలో ఉన్నాను. వంటింట్లోంచి ఏదో అడగబోతే, పెద్దమ్మ నా వైపు చూడకుండానే చెయ్యి ఊపింది.

‘ఉండవే. నా వంతు వచ్చింది.’