పుస్తకాలకు అట్టలు సరే... పిల్లల ఒంటి సంగతో?

జూన్ 12 దగ్గర పడేకొద్దీ ప్రతి ఇంట్లో ఒక జాబితా తయారవుతుంది. నోటుపుస్తకాలు, యూనిఫాం, బూట్లు, కొత్త బ్యాగు, ఫీజు మొదటి వాయిదా. కణేకల్‌లో ఉంటూ పిల్లల్ని రాయదుర్గమో, బళ్లారో, అనంతపురమో పంపేవాళ్లయితే బస్సు పాసు, హాస్టల్ పెట్టె కూడా చేరతాయి. తొమ్మిదికో పదికో వెళ్తుంటే మే నెలలోనే ట్యూషన్ మొదలైపోయి ఉంటుంది. పిల్లల కోసం ఇంత చేసే తల్లిదండ్రులను తప్పుపట్టలేం. కానీ పొద్దున్నుంచి సాయంత్రం దాకా బడిలో కూర్చోవాల్సిన ఆ పిల్లల ఆరోగ్యం మాత్రం ఈ జాబితాలో కనిపించదు. అందుకే నేను చెప్పేది ఒకటే. బడి తెరిచే ముందు ఆఖరి రెండు వారాలు పాఠాలకు కాదు, ఒంటికి కేటాయించండి.

ముందు నిద్ర సంగతి చూద్దాం. ఎండాకాలమంతా మిద్దె మీద పడక, చేతిలో ఫోను, నిద్రపోయేసరికి రాత్రి ఒంటిగంట. లేచేది ఎండెక్కాక. ఇది ఒట్టి బద్ధకం అనుకోకండి. యుక్తవయసులో నిద్రను రప్పించే మెలటోనిన్ అనే హార్మోను సహజంగానే ఆలస్యంగా విడుదలవుతుంది. దానికి ఫోన్ వెలుగు తోడైతే ఇంకా ఆలస్యం. 13 నుంచి 18 ఏళ్ల పిల్లలకు రోజూ 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని నిద్ర వైద్య నిపుణులు చెబుతున్నారు. బడి తెరిచే ముందు రోజు రాత్రి ‘త్వరగా పడుకో’ అని కేకలేస్తే నిద్ర రాదు. లెక్క చూడండి. ఒంటిగంట నుంచి పదికి రావాలంటే మూడు గంటలు వెనక్కి జరపాలి. రోజుకు పావుగంట చొప్పున జరిపితే 12 రోజులు పడుతుంది. అంటే మే 31న మొదలుపెట్టాలి. పడుకునే వేళ కంటే లేచే వేళ మీదే ముందు పట్టు పట్టండి. లేవగానే కాసేపు బయట వెలుతురులో తిరగనివ్వండి. రాత్రి ఫోన్లు హాల్లోనే ఉండాలి, మీవి కూడా.

రెండోది రక్తం. పాఠం వింటూ కునికిపాట్లు, మెట్లెక్కితే ఆయాసం, చీటికీమాటికీ చిరాకు, చదివింది గుర్తుండకపోవడం... వీటిని చూసి ‘మా అమ్మాయికి చదువు మీద ధ్యాస లేదు’ అంటాం. మరో ట్యూషన్ పెడతాం. అసలు కారణం రక్తహీనత కావచ్చని తట్టదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15–19 ఏళ్ల అమ్మాయిల్లో 59.1 శాతం మందికి రక్తహీనత ఉంది. అంటే ప్రతి పదిమందిలో దాదాపు ఆరుగురు. తిండికి లోటు లేని ఇంట్లో ఇది ఉండదనుకుంటే పొరపాటు.

ఇక్కడ మధ్యతరగతి ఇళ్లు గమనించాల్సిన విషయం ఒకటుంది. వారానికోసారి ఇచ్చే ఐరన్, ఫోలిక్ యాసిడ్ నీలం మాత్రల పథకం ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల పిల్లల కోసం నడుస్తోంది. ఫీజు కట్టి ప్రైవేటు బడికి పంపుతున్నామంటే ఆ బాధ్యత మన మీదే పడిందని అర్థం. కాబట్టి బూట్లు కొనే రోజే హిమోగ్లోబిన్ పరీక్ష కూడా చేయించండి. 12 ఏళ్లు దాటిన అమ్మాయిలకు 12 గ్రాముల కంటే, 15 దాటిన అబ్బాయిలకు 13 గ్రాముల కంటే తగ్గితే రక్తహీనతే. అప్పుడు తిండి ఒక్కటే సరిపోదు. డాక్టరు చెప్పినన్నాళ్లు మాత్రలు వాడాలి. మలం నల్లగా వస్తుందని భయపడి మధ్యలో మానకండి, అది మామూలే.

తిండి విషయానికొస్తే, హెచ్చెల్సీ నీళ్లతో వరి పండే నేల మనది. అందుకేనేమో మూడు పూటలా తెల్లన్నమే అయిపోయింది. ఒక పూట రాగిసంగటో కొర్రన్నమో పెట్టి, అందులోకి ఆకుకూర పప్పు, చెనిక్కాయల ఊరిబిండి ఇవ్వండి. గుడ్డు, మాంసం తినే ఇళ్లలో అవీ ఉండాలి. పప్పులోకి నిమ్మకాయ పిండితే ఇనుము ఒంటికి బాగా పడుతుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగితే అది పడకుండా పోతుంది. కనీసం గంట ఆగాలి.

మూడోది నీళ్లు. జూన్ వచ్చినా మన దగ్గర వాన నమ్మకం లేదు. పడమటి గాలి మాత్రం తప్పదు. హగరి ఒడ్డు ఇసుకను లేపి మొహాన కొట్టే ఆ గాలికి ఒళ్లు తెలియకుండానే ఆరిపోతుంది. అయినా చాలామంది అమ్మాయిలు నింపి ఇచ్చిన సీసాను అలాగే ఇంటికి తెస్తారు. దాహం లేక కాదు. బడిలో మరుగుదొడ్డికి వెళ్లాల్సి వస్తుందని. దాంతో తలనొప్పి, మూత్రంలో మంట, ఇన్‌ఫెక్షన్లు. పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల గురించి పది ప్రశ్నలు అడుగుతాం. మరుగుదొడ్డికి నీళ్లు వస్తున్నాయా, తలుపుకు గడియ ఉందా అని అడగడానికి మొహమాటపడతాం. మీరు కట్టే ఫీజులో అదీ ఉంది, అడగండి.

సీసాలో పోసే నీళ్లు ఎక్కడివో కూడా చూడండి. అనంతపురం జిల్లాలో చాలా గ్రామాల బోరు నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువ. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు తాగడానికి పనికిరావు. కాచి చల్లార్చితే సూక్ష్మక్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరయ్యేకొద్దీ అది ఇంకాస్త చిక్కబడుతుంది. మీ బోరు నీటికి ఒక్కసారైనా పరీక్ష చేయించండి.

ఇక చిన్నవిగా కనిపించే పనులు. బోర్డు మీద అక్షరాలు మసకగా ఉన్నాయని చాలామంది పిల్లలు చెప్పరు. పక్కవాడి నోట్సు చూసి రాసుకుంటారు. అందుకని కళ్లు పరీక్ష చేయించండి. బ్యాగు బరువు ఒంటి బరువులో పదో వంతు దాటకూడదు. 40 కిలోల పిల్లకు 4 కిలోలే. ఆస్తమా ఉన్నవాళ్లకు ఈ గాలులకు ముందే ఇన్‌హేలర్ సిద్ధంగా ఉంచండి.

‘పక్కింటి అబ్బాయి పదో తరగతి లెక్కలు సగం ముగించేశాడు, మేం నిద్ర, నీళ్లు అంటూ కూర్చుంటే ఎలా?’ అని మీరు అడగొచ్చు. ఆ భయం నాకు అర్థమవుతుంది. వాన మీద ఆధారపడిన ఊళ్లలో చదువొక్కటే నమ్మకమైన పంట. కానీ నిద్ర చాలని, రక్తం తక్కువైన పిల్లకు మేలో చెప్పిన పాఠం ఆగస్టుకు గుర్తుండదు. మళ్లీ చెప్పించాలి, మళ్లీ డబ్బు కట్టాలి. పైగా ‘నాకు చదువు రాదు’ అని ఆ పిల్ల తన మీద తానే ముద్ర వేసుకుంటుంది. ఆ నష్టాన్ని ఏ ట్యూషనూ పూడ్చలేదు.

ఈ వారం జాబితా రాసేటప్పుడు నోటుపుస్తకాల కంటే పైన రక్త పరీక్ష, కళ్ల పరీక్ష అని రాయండి. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని, బడిలో వాళ్లకు ఇబ్బందిగా ఉండేదేమిటో అడగండి. మార్కుల మాట ఎత్తకుండా అడిగితే చెబుతారు.