మెదడు శాస్త్రం మనకెందుకని అడిగేవారికి

"మెదడు శాస్త్రం మన పిల్లలకెందుకు సాబ్? డీ ఫార్మసీ చదివించి ఉంటే ఈపాటికి ఊళ్ళో మెడికల్ షాపు పెట్టుకుని ఉండేది" అని మా విద్యా కమిటీ సమావేశంలో ఒక పెద్దమనిషి అన్నారు. అన్నవారు చెడ్డవారు కారు. మిర్చి వ్యాపారంలో నాలుగు రాళ్ళు సంపాదించి, ఏటా కొందరు పేద పిల్లలకు పుస్తకాలు కొనిపెట్టే మనిషి. ఆ రోజు ఆయనకు మాలో ఎవరమూ గట్టిగా జవాబు చెప్పలేకపోయాము. మా మౌనం వల్ల ఒక అమ్మాయి ఒక సంవత్సరం నష్టపోయింది. ఆలస్యంగానైనా ఆ జవాబును ఇక్కడ రాస్తున్నాము. పెద్దమనిషికి మాత్రమే కాదు, ఢిల్లీలో, అమరావతిలో ఇదే ప్రశ్నను మర్యాదగల భాషలో అడుగుతున్నవారికి కూడా.

జరిగినది ఇది. చిలకలూరిపేట దగ్గరి ఒక గ్రామంలో ఒక దూదేకుల కుటుంబం. తాతల కాలంలో దూది ఏకి పరుపులు కుట్టిన ఇల్లు. తండ్రి జిన్నింగ్ మిల్లులో పనిచేస్తారు. తల్లి సీజనులో మిరపకాయల తొడిమలు తీసే కూలికి వెళతారు. వారి కుమార్తె జంతుశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసి, నెట్ ఉత్తీర్ణురాలై, ఒక కేంద్రీయ విశ్వవిద్యాలయంలో న్యూరోసైన్స్‌లో, అంటే మెదడు, నాడీమండలాలకు సంబంధించిన శాస్త్రంలో, పీహెచ్‌డీ చేస్తున్నది. పురుగుమందులు కొద్దికొద్దిగా ఏళ్ళ తరబడి ఒంట్లోకి చేరితే నరాలకు ఏమవుతుందన్నది ఆమె పరిశోధనాంశం. యూరప్‌లో మూడు వారాల శిక్షణకు ఆమె ఎంపికైంది. రుసుము, వసతి, భోజనం నిర్వాహకులే భరిస్తామన్నారు. విమాన ఛార్జీలో కొంత భాగం కూడా ఇస్తామన్నారు, కాని శిక్షణ ముగిసి బిల్లులు సమర్పించిన తరువాత. టికెట్టుకు, వీసాకు, ప్రయాణ బీమాకు డబ్బు ముందుగా చేతిలో ఉండాలి. బ్యాంకు ఖాతాలో నిల్వ చూపించాలి. అన్నీ కలిపి లక్షా ఇరవై వేలు.

"ఊరికే వద్దు చాచా, అప్పుగా ఇప్పించండి. బిల్లుల డబ్బు వచ్చాక కొంత, ఫెలోషిప్పులో నెలనెలా కొంత కట్టేస్తాను" అని ఆమె అడిగింది. మా కమిటీ మూడుసార్లు సమావేశమైంది. మొదటిసారి పై ప్రశ్న వచ్చింది. రెండవసారి ఆడపిల్లను ఒంటరిగా పంపడమేమిటన్న చర్చ నడిచింది. మూడవసారికి డబ్బు సమకూడింది గాని, శిక్షణ తేదీలకు ముందు హైదరాబాదులో వీసా అపాయింట్‌మెంట్లు మిగలలేదు. ఆ స్థానం వెయిటింగ్ లిస్టులోని మరొకరికి పోయింది. ఆమె మాకు కృతజ్ఞతలు చెప్పి డబ్బు తిరిగి ఇచ్చి వెళ్ళింది. ఆ కృతజ్ఞత మాకు నేటికీ మింగుడుపడలేదు.

మూడు వారాల శిక్షణలో అంత ఏముంటుందని పాఠకులు అడగవచ్చు. మేమూ అడిగాము, ఆమె ఓపికగా చెప్పింది. ప్యాచ్ క్లాంప్ అని ఒక పద్ధతి ఉన్నదట. వెంట్రుకకన్నా ఎంతో సన్నని గాజు గొట్టపు కొనను ఒక నాడీకణం పొరకు అంటించి, దానిగుండా ప్రవహించే విద్యుత్తును కొలుస్తారు. జర్మన్ శాస్త్రవేత్తలు నెహర్, సాక్‌మన్ 1976లో దీనిని వెల్లడించారు, 1991లో నోబెల్ బహుమతి అందుకున్నారు. ఈ పని పుస్తకం చదివితే రాదు. దూదేకే విల్లును ఎక్కడ పట్టాలో, ఎంత బలంతో మీటాలో తాత మనవడి చేయి పట్టుకుని నేర్పినట్లే, తెలిసినవారు పక్కన నిలబడి నేర్పాలి. పరికరాల ఖరీదు లక్షలు దాటి కోట్లలోకి పోతుంది. చాలా విశ్వవిద్యాలయాల్లో అవి లేవు.

అందుకే ప్రపంచమంతటా తొలిదశ పరిశోధకుల కోసం ఇటువంటి శిక్షణలు ఏర్పడ్డాయి. 1961లో స్థాపితమైన అంతర్జాతీయ మెదడు పరిశోధన సంస్థ, పొట్టిపేరు ఇబ్రో, ఆసియా పసిఫిక్‌తో సహా పలు ప్రాంతాలలో శిక్షణ పాఠశాలలకు, ప్రయాణాలకు సాయం అందిస్తుంది. ఫ్రాన్స్‌లోని బోర్డో, పోర్చుగల్‌లోని లిస్బన్ నగరాల్లో కహాల్ పేరిట చేతిపని నేర్పే శిక్షణలున్నాయి. జపాన్‌లోని ఒకినావాలో గణిత పద్ధతులతో మెదడును అధ్యయనం చేసే వేసవి కోర్సు ఉంది, దానికి రుసుము లేదు. బెంగుళూరులోని జాతీయ జీవశాస్త్రాల కేంద్రంలోనూ ఆ కోవలోని శిక్షణ జరుగుతుంది, గుంటూరు నుండి ఒక రాత్రి రైలు ప్రయాణం. ఇవేవీ మతం అడగవు, కులం అడగవు. అడిగేది దరఖాస్తు, గైడు సిఫారసు ఉత్తరం, ప్రయాణానికి సిద్ధంగా ఉన్న మనిషి. ఆ మూడవదాని దగ్గరే మన పిల్లలు ఆగిపోతున్నారు.

కహాల్ ఎవరో కూడా చెప్పుకోవాలి. సాంతియాగో రామోన్ ఇ కహాల్ స్పెయిన్‌లో ఒక పల్లెటూరి వైద్యుని కొడుకు. చిన్ననాడు అల్లరి భరించలేక తండ్రి అతణ్ణి కొంతకాలం మంగలి దగ్గర, చెప్పులు కుట్టేవాని దగ్గర పనికి పెట్టాడు. పెద్దయ్యాక సొంత డబ్బుతో సూక్ష్మదర్శిని కొనుక్కుని, మెదడు ఒకే వలలా అల్లుకుపోయినది కాదని, విడివిడి కణాల సముదాయమని చూపించాడు. స్పానిష్ భాషలో రాసినదాన్ని ఐరోపాలో ఎవరూ పట్టించుకోలేదు. 1889లో తన ఖర్చుతోనే బెర్లిన్‌లో జర్మన్ శరీరశాస్త్రవేత్తల సభకు స్లైడులు పట్టుకుని వెళ్ళాడు. అప్పటి మహాపండితుడు కోలికర్‌ను తన సూక్ష్మదర్శిని దగ్గరికి పిలుచుకుపోయి చూపించాడు. కోలికర్ ఒప్పుకున్నాడు, లోకం ఒప్పుకుంది, 1906లో నోబెల్ వచ్చింది. ఆ రైలు టికెట్టు కొనలేకపోయి ఉంటే ఆ స్లైడులు ఇంకెన్నాళ్ళు బార్సిలోనాలోనే ఉండిపోయేవో.

ఇక 'మనకెందుకు' అన్న ప్రశ్న. ఉమ్మడి గుంటూరు, ప్రకాశం జిల్లాలలో పుట్టినవారు ఆ ప్రశ్న అడగడమే మాకు ఆశ్చర్యం. పత్తికి, మిరపకు మనవాళ్ళు కొట్టే మందులలో మోనోక్రోటోఫాస్ వంటివి ఎన్నో ఆర్గానోఫాస్ఫేట్ జాతికి చెందినవి. అవి పురుగును చంపేది నరాల మార్గంలోనే. ఒక నరం నుండి మరో నరానికి, కండరానికి సంకేతం చేర్చే ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని పని ముగియగానే తుడిచివేసే ఎంజైమును అవి స్తంభింపజేస్తాయి. తైవాన్ పంపు వీపున వేసుకుని ఎదురుగాలిలో మందు కొట్టే కూలీ నరాలకూ పురుగు నరాలకూ తేడా ఆ మందుకు తెలియదు. మోనో తాగి ఆసుపత్రికి వచ్చిన రైతుల సంగతి పత్రికలలో చదివాము. తాగకుండానే ముప్పై ఏళ్ళు పీల్చినవారి చేతుల వణుకును ఎవరు లెక్కించారు? శ్రీలంకలో సేనానాయక, కరల్లియెద్ద అనే వైద్యులు 1987లో ఒక సంగతి ప్రకటించారు. ఈ విషం తిన్న రోగి మొదటి గండం గడిచి కోలుకున్నట్లు కనిపించాక, ఒకటి నుండి నాలుగు రోజుల మధ్య మెడ, ఊపిరి కండరాలు చచ్చుబడి ప్రాణం మీదికి రావచ్చునని. నేడు ప్రపంచమంతా వైద్య గ్రంథాలలో చదువుకుంటున్న సంగతి అది. దానిని కనిపెట్టింది రసాయనం తయారైన దేశంలో కాదు, దాన్ని పొలాల్లో చల్లిన దేశంలో, అక్కడి రోగుల మంచం పక్కన నిలబడినవారు.

పశ్చిమాన మెట్ట ప్రాంతానిది మరో కథ. పొదిలి, దర్శి అప్పట్లో నెల్లూరు జిల్లావి. ఆ జిల్లా నీటిలోని ఫ్లోరిన్ ఎముకలను పెంచి నరాలను నొక్కేస్తున్నదని 1937లోనే షార్ట్, ఆయన సహచరులు రాశారు. నడుము వంగిపోయిన మనుషులను కనిగిరి వైపు చూడనివారెవరు? నల్లగొండ ఫ్లోరోసిస్ గురించి 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాసిన వైద్యుడు ఎ.హెచ్. సిద్దీఖీ. ఆ పేరు మన ఎన్ని సభల్లో వినిపించింది? ఇబ్నె సీనా పేరు ఎత్తకుండా మన విద్యా సదస్సు ఒక్కటీ ముగియదు. వెయ్యేళ్ళ నాటి బుఖారా గురించి గంటసేపు మాట్లాడి, చిలకలూరిపేట అమ్మాయి టికెట్టు దగ్గర నోరు మూసుకున్న సభలో మేమూ కూర్చున్నాము.

మా తప్పు ఒప్పుకున్నాము. ఇక ప్రభుత్వం వంతు. ముప్పై ఏళ్ళకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో ఫైళ్ళు మోసిన మాకు ఒక పథకాన్ని ఎలా చంపుతారో తెలుసు. మైనారిటీ విద్యార్థుల పీహెచ్‌డీ కోసం 2009లో మొదలైన మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్పును 2022-23 నుండి ఆపివేస్తున్నట్లు 2022 డిసెంబరులో కేంద్ర మంత్రి లోక్‌సభకు చెప్పారు. 2014-15 నుండి 2021-22 వరకు 6,722 మందిని ఎంపిక చేసి 738.85 కోట్ల రూపాయలు ఇచ్చామని అదే సమాధానంలో ఉంది. ఆపడానికి చూపిన కారణం, ఇతర పథకాలతో ఇది అతివ్యాప్తి చెందుతున్నదని. విదేశీ చదువు అప్పులపై వడ్డీ రాయితీ ఇచ్చే పఢో పర్‌దేశ్ పథకమూ అదే సంవత్సరంతో ముగిసింది.

అతివ్యాప్తి అన్నమాటను గుమాస్తా కళ్ళతో చూద్దాము. ఒక అభ్యర్థి రెండు ఫెలోషిప్పులు తీసుకోకుండా ఆపడానికి ఒక అఫిడవిట్టు చాలు, అది నిబంధనలలో ముందునుండీ ఉన్నదే. రెండు కౌంటర్ల ముందు నిలబడిన జనంలో ఒక కౌంటరు మూసేసి, మిగిలినదాని దగ్గరికి పొమ్మంటే వరుస పెరుగుతుందే కాని తరగదు. మూసిన కౌంటరులోని స్థానాలను మిగతావాటికి కలిపామని ఆ సమాధానంలో లేదు. చివరి సంవత్సరాల్లో ఈ ఫెలోషిప్పు నెట్ గట్టెక్కి జేఆర్ఎఫ్ అందనివారికి ఆధారంగా నిలిచింది. జేఆర్ఎఫ్ ఉన్నవారికి 2023 జనవరి నుండి నెలకు 37,000 రూపాయలు. మా అమ్మాయి వంటివారికి కేంద్రీయ విశ్వవిద్యాలయాలిచ్చే నాన్-నెట్ ఫెలోషిప్పు నెలకు 8,000. హాస్టలు మెస్సు, పుస్తకాలు పోగా మిగిలినది ఇంటికి పంపే పిల్ల లక్షా ఇరవై వేలు ఎక్కడ కూడబెడుతుంది? ఎక్కువమంది చదువుకున్న వర్గాలలో ఇటువంటి అవసరాన్ని మేనమామో, బాబాయో తీరుస్తాడు. ప్రముఖ కళాశాలల పోస్టుగ్రాడ్యుయేట్ విద్యార్థులలో ముస్లింలు యాభై మందికి ఒక్కరని 2006లో సచార్ కమిటీ రాసింది. అటువంటి సమాజంలో ఆ మేనమామ ఇంకా పుట్టలేదు.

రాష్ట్రాలు మెరుగా అంటే, ఈ విషయంలో కాదు. తెలంగాణలో మైనారిటీలకు ఇరవై లక్షల వరకు విదేశీ విద్యా సహాయం ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం మారినప్పుడల్లా పేరు, షరతులు మారుతూ అటువంటి పథకాలు వచ్చాయి. అన్నీ విదేశంలో పూర్తి డిగ్రీలో చేరినవారికే. ఇక్కడే పీహెచ్‌డీ నమోదు చేసుకుని, మూడు వారాలు వెళ్ళి నేర్చుకుని తిరిగివచ్చే పిల్లకు ఆ దరఖాస్తులో నింపడానికి గడి కూడా లేదు. ఇరవై లక్షలలో ఒక్కరికి ఇచ్చేదానితో పదిహేను మందికి ప్రయాణపు బయానా ఇవ్వవచ్చు, అందులోనూ కొంత తిరిగివస్తుంది. ఒక జీవో సవరణ పని ఇది. డ్రాఫ్టు రాయమంటే ఈ వయసులోనూ మేము రాసిస్తాము.

ఆన్‌లైన్‌లో నేర్చుకోవచ్చు కదా అంటారు కొందరు. 2020లో మొదలైన న్యూరోమ్యాచ్ అకాడమీ నిజంగా మంచిపని. దేశాన్నిబట్టి రుసుము తగ్గిస్తుంది, అవసరమైతే మాఫీ చేస్తుంది. లెక్కలు, ప్రోగ్రామింగు అందులో వస్తాయి. గాజు గొట్టం పట్టే చేయి రాదు. వెళ్ళినవారు తిరిగి రారని మరికొందరంటారు. శ్రీకాకుళంలో పుట్టిన రామలింగస్వామి ఆక్స్‌ఫర్డ్‌లో 1951లో డాక్టరేటు తీసుకుని తిరిగి వచ్చారు. కాంగ్రా లోయలో అయోడిన్ కలిపిన ఉప్పుపై ఆయన బృందం చేసిన పని దేశంలో పిల్లల మెదడు ఎదుగుదలను కాపాడే విధానానికి పునాది అయింది. తిరిగి రాని ఎల్లాప్రగడ సుబ్బారావు సంగతి చూసినా, 1920లలో ఆయనను బోస్టన్ పంపినది ప్రభుత్వం కాదు. మామగారు కూడగట్టిన సహాయం, కాకినాడలో ఒక వర్తకుని ఆస్తితో ఏర్పడిన మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ. గుంటూరు మిర్చి యార్డులో అటువంటి వర్తకులు మనవారిలోనూ ఉన్నారు. షాదీఖానా గోడ మీద పేరు చెక్కించుకోవడానికి ముందుకొచ్చే చేయి ఇటు కూడా రావాలని అడగడానికి మేము సిగ్గుపడము. జకాత్ ఇందుకు చెల్లుతుందా అన్నది ఉలమా తేల్చవలసిన సంగతి. అప్పుగా ఇచ్చే కర్జె హసనాకు ఎవరి అభ్యంతరమూ ఉండదు.

మొన్నటి సమావేశంలో మా కమిటీ రెండు తీర్మానాలు చేసింది. ఒకటి, ఆజాద్ ఫెలోషిప్పు పునరుద్ధరణ కోరుతూ, విదేశీ విద్యా పథకంలో స్వల్పకాల శిక్షణలను చేర్చమని కోరుతూ మన ప్రాంత పార్లమెంటు, శాసన సభ్యులకు అర్జీలు ఇచ్చి రసీదు తీసుకోవడం. రసీదు లేని అర్జీ చెత్తబుట్టకు పోతుందని మాకు తెలుసు. రెండు, లక్షన్నర రూపాయలు ఎప్పుడూ ఖాతాలో నిల్వ ఉంచి, ఎంపిక ఉత్తరం చూపిన వారం రోజుల్లో, సమావేశం లేకుండా, ముగ్గురి సంతకాలతో పరిశోధక విద్యార్థులకు బయానాగా ఇవ్వడం. ఆ మిర్చి వ్యాపారి పెద్దమనిషి ఆ రోజు ఏమీ మాట్లాడలేదు. బయటికి వెళుతూ, "ఆ పిల్ల మందు కొట్టేవాళ్ళ నరాల మీద చేస్తున్నదని మొదటే చెప్పకూడదా సాబ్, మా అన్నకు చేతులు వణుకుతున్నాయి" అని ఇరవై వేలకు చెక్కు రాసి ఇచ్చారు. ఇంకా నలభై రెండు వేలు చేరవలసి ఉంది. అమ్మాయి ఈ ఏడాది మళ్ళీ దరఖాస్తు పెట్టింది.