రాలిపోయిన దశాంశం

పిల్లలూ! మన షాద్‌నగర్‌లో ఉపగ్రహాలు పంపే చిత్రాలను అందుకునే కేంద్రం ఉన్నది గదా! ఊరి అక్షాంశం సుమారు 17.07 డిగ్రీలు. కంప్యూటరులో ఒక ప్రోగ్రాము ఇట్లాంటి సంఖ్యను ఇంకొకదానికి ఇచ్చి, లెక్క చేయించి, జవాబు తిరిగి పుచ్చుకుంటుంది. పుచ్చుకునే చోట "పూర్ణాంకం" అని రాసి ఉంటే .07 చప్పుడు లేకుండా రాలిపోతుంది. డిగ్రీకి సుమారు 111 కిలోమీటర్లు గనక, పటంలో మన ఊరు దాదాపు 8 కిలోమీటర్లు దక్షిణానికి జరుగుతుంది!

ఇది పటంతో పోయేది కాదు. 1996 జూన్ 4న ఐరోపావారి ఏరియన్ 5 రాకెట్టులో పెద్ద దశాంశ సంఖ్యను 32,767కు మించి పట్టని పూర్ణాంకపు గడిలో వేయబోగా, దారి చూపే యంత్రం ఆగిపోయింది. సుమారు 40 సెకన్లకే రాకెట్టు ముక్కలయింది.

మీరు ప్రోగ్రాము రాసేటప్పుడు ఇచ్చేచోటా, పుచ్చుకునేచోటా "దశాంశం" అనే రాశారో లేదో సరిచూసుకోండి.